గడియ వేసిన గది: ఓల్గా 'విముక్త' కథల్లో నడివయసు స్త్రీల ఎరుక, నిబ్బరం

వ్యాససంగ్రహం:
మైండ్‌ఫుల్‌నెస్ సాధన నడివయసు స్త్రీలకు భావోద్వేగపరమైన నిబ్బరాన్ని ఇస్తుందన్న మాట ఇటీవల విస్తృతంగా వినిపిస్తున్నది. ఆ నిబ్బరం దేనికోసం అన్న ప్రశ్న అంతగా వినిపించదు. ఓల్గా 'విముక్త' కథాసంపుటిలోని ఊర్మిళ, శూర్పణఖ, అహల్య, రేణుక, సీత పాత్రల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటతోను, బౌద్ధ థేరీగాథలతోను, భాగవతంలోని దేవహూతి కథతోను పోల్చి చూసి, ఓల్గా పాత్రల ఎరుక వారిని పూర్వస్థితికి చేర్చే ఉపశమనం కాదని, ఆ పూర్వస్థితినే విచారణకు నిలబెట్టే శక్తి అని ప్రతిపాదిస్తుంది. ఆ ఎరుకకు కథల్లో సమకూరిన వసతుల పరిమితిని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎరుక, నిబ్బరం, స్థితిస్థాపకత, ఊర్మిళ, శూర్పణఖ, ఓల్గా, విముక్త, థేరీగాథలు, నడివయసు.

1. ఉపోద్ఘాతం

మనోవిజ్ఞానశాస్త్రంలోని 'రెజిలియన్స్' అనే భావనకు తెలుగులో 'స్థితిస్థాపకత' అన్న పదాన్ని వాడుతున్నారు. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి ఇది పాత పరిచయమే. బలం ప్రయోగించినప్పుడు ఆకారం మారిన వస్తువు, ఆ బలాన్ని తొలగించగానే తిరిగి తొలి ఆకారాన్ని పొందే ధర్మం స్థితిస్థాపకత. ఉక్కు తీగకు చెందిన ఈ ధర్మాన్ని మనిషి మనసుకు అన్వయించినప్పుడు రెండు ఊహలు చడీచప్పుడు లేకుండా లోపలికి వస్తాయి. బలప్రయోగం ఏదో ఒకనాడు ఆగుతుందన్నది మొదటిది. తొలి ఆకారమే సహజమైనది, కోరదగినది అన్నది రెండోది. అత్తమామల అనారోగ్యం, పిల్లల చదువులు, తన శరీరంలో వచ్చే మార్పులు, భర్త ఉద్యోగ విరమణ అన్నీ ఒకే దశాబ్దంలో మీద పడే నడివయసు గృహిణి విషయంలో ఈ రెండు ఊహలూ నిలవవు. ఆమె మీది బరువు తొలగిపోయేది కాదు. తొలి ఆకారం అనదగినది ఆమె ఎంచుకున్నదీ కాదు.

ఈ కారణం చేత ఈ వ్యాసంలో స్థితిస్థాపకతకు బదులుగా 'నిబ్బరం' అన్న వాడుకమాటను గ్రహించడమైనది. గుండె నిబ్బరం అన్నప్పుడు తొలి స్థితికి తిరిగి రావడం అన్న అర్థం లేదు. ఎదుట ఏమున్నా నిలబడగలగడం అన్న అర్థమే ఉంది. వికారానికి కారణం ఎదుటనే ఉన్నా మనసు చలించనివారే ధీరులని 'కుమారసంభవం'లో కాళిదాసు చెప్పిన నిర్వచనానికి ఇది దగ్గరగా ఉన్న మాట. అయితే ఓర్పుకు, నిబ్బరానికి మధ్య గీత చాలా సన్నం. స్త్రీని ఓర్పులో భూమితో పోల్చి మెచ్చుకొన్న సంప్రదాయం ఆ గీతను చెరిపేస్తూ వచ్చింది. 'విముక్త' కథల్లో భూమిపుత్రికే ప్రధానపాత్ర కావడం వల్ల ఈ గీతను తిరిగి గీయవలసిన అవసరం ఆ కథలకు మొదటినుంచీ ఉంది.

మైండ్‌ఫుల్‌నెస్ అనే సాధన నేటి వైద్యరూపాన్ని 1979లో అమెరికాలో పొందింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణను రూపొందించాడు. శ్వాసను గమనించడం, శరీరంలోని ఒక్కొక్క భాగం మీదికి దృష్టిని నడిపించడం, వచ్చిన ఆలోచనను మంచిచెడ్డల తూకం వేయకుండా చూడడం అందులోని ముఖ్యాంశాలు. దీనికి మూలం బౌద్ధుల సతిపట్ఠానం. పాలీభాషలోని 'సతి' సంస్కృతంలో 'స్మృతి'. కాయాన్ని, వేదనను, చిత్తాన్ని, ధర్మాలను ఎడతెగక గమనించడమే ఆ సాధన. తెలుగులో దీనికి సావధానత, జాగరూకత వంటి అనువాదాలున్నాయి గాని, 'ఎరుక' అన్న అచ్చతెలుగు మాటే తగినదనిపిస్తుంది. తెలియడం, గుర్తుపట్టడం రెండూ అందులో ఉన్నాయి. (అచలతత్త్వంలో ఎరుకను విడిచిపెట్టవలసినదిగా చెప్పడం వేరే చర్చ.)

ఈ సాధన ఆసుపత్రి నుంచి కార్యాలయాలకు, అక్కడినుంచి చేతిఫోను యాప్‌లకు విస్తరించిన తర్వాత దాని మీద విమర్శ కూడా వచ్చింది. రొనాల్డ్ పర్సర్ 2019లో వెలువరించిన 'మెక్‌మైండ్‌ఫుల్‌నెస్' గ్రంథంలోని ప్రధానాభ్యంతరం ఇది: ఒత్తిడిని పుట్టించే వ్యవస్థను వదిలిపెట్టి, దానిని భరించే వ్యక్తికి మాత్రమే చికిత్స చేయడం. పర్సర్ దృష్టి ప్రధానంగా మార్కెట్టు మీద ఉంది. అదే అభ్యంతరాన్ని కుటుంబానికి అన్వయిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు తెలుగు కథ తనదైన పద్ధతిలో సమాధానం చెప్పి ఉన్నదనేది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. నడివయసు పుస్తకంగా 'విముక్త'

2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'విముక్త'లో అయిదు కథలున్నాయి: సమాగమం, మృణ్మయనాదం, సైకతకుంభం, విముక్త, బంధితుడు. టి. విజయ్‌కుమార్, సి. విజయశ్రీల ఆంగ్లానువాదం 2016లో వెలువడింది. స్త్రీవాద పునఃకథనంగా, పురాణపాత్రల పునర్మూల్యాంకనంగా ఈ సంపుటి మీద చర్చ జరిగింది. ఆ చర్చలో వయసు ప్రసక్తి తక్కువ. నిజానికి ఈ కథల్లో మాట్లాడుకొనే స్త్రీలలో ఎక్కువమంది యౌవనం దాటినవారు.

వాల్మీకి అరణ్యకాండలో సీత రావణుడితో తాను ఇక్ష్వాకుల ఇంట పన్నెండేళ్లు గడిపినట్లు చెప్పుకొంటుంది. దానికి వనవాసపు పధ్నాలుగేళ్లు, కుశలవులు ఎదిగిన కాలం కలిపి చూస్తే వాల్మీకి ఆశ్రమంలోని సీత ఏ వయసులో ఉన్నదో ఊహించుకోవచ్చు. 'సమాగమం' నాటికి ఆమె కొడుకులు తల్లి తోడు లేకుండా అడవిలో తిరిగే వయసువారు. ఇవాళో రేపో తండ్రి రాజ్యానికి వెళ్లిపోయేవారు. శూర్పణఖ కూడా ఆమె తరంలోనిదే. పెళ్లి, పరాజయం, పిల్లల పెంపకం వంటివన్నీ జరిగిపోయిన తర్వాత, ఇక మిగిలిన జీవితాన్ని ఏమి చేసుకోవాలన్నది ఈ స్త్రీల ముందున్న సమస్య. ప్రేమకథల్లో గాని, వివాహవైఫల్య కథల్లో గాని ఈ సమస్యకు చోటుండదు. 'విముక్త'లోని స్త్రీలు వయసు వల్లనే మాట్లాడుకోగలుగుతున్నారు. యౌవనంలో శూర్పణఖా సీతా ఎదురుపడిన చోట మాటలకు వీలు లేకపోయింది.

పురాణసాహిత్యంలో ఈ వయసు స్త్రీకి ధ్యానాన్ని బోధించిన సందర్భం లేకపోలేదు. భాగవతం తృతీయస్కంధంలోని దేవహూతి తొమ్మిదిమంది కూతుళ్లను, కపిలుణ్ణి కన్న తల్లి. భర్త కర్దముడు సన్న్యసించి వెళ్లిపోయాక ఆమె కొడుకును ఆశ్రయించి సాంఖ్యాన్ని, భక్తియోగాన్ని తెలుసుకొని ముక్తి పొందుతుంది. పోతన తెలుగు ద్వారా ఈ కథ మనకు చిరపరిచితం. ఇందులో గమనించవలసింది, భర్త వెళ్లిపోవడం గురించి ఆమెకు ప్రశ్న లేకపోవడం. సంసారబంధం పట్ల సాధారణమైన వైరాగ్యమే ఆమె ప్రశ్నకు మూలం. గురువు కొడుకు. ఓల్గా కథల్లో ఈ రెండూ మారతాయి. ఊర్మిళ విచారణ ఆమెను విడిచి వెళ్లిన నిర్దిష్టమైన ఆ ఒక్క ఉదయం దగ్గరే మొదలవుతుంది. బోధించేవారు తండ్రులో కొడుకులో కాక మరొక స్త్రీ.

3. నిద్రపోయిన ఊర్మిళ, మేల్కొన్న ఊర్మిళ

వాల్మీకి ఊర్మిళను పెళ్లిపీటల దగ్గర చూపించి దాదాపు మరిచిపోయాడు. ఆ మరుపును రవీంద్రనాథ ఠాకూర్ 'కావ్యేర్ ఉపేక్షితా' వ్యాసంలో ఎత్తిచూపాడు. హిందీలో మైథిలీశరణ్ గుప్త 'సాకేత్' కావ్యంలో ఆమె విరహానికి పెద్దపీట వేశాడు. తెలుగు స్త్రీలు మాత్రం ఆధునిక కవులకంటె ముందే పాటల్లో ఆమె కథను పూరించుకొన్నారు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో భర్త అడవికి వెళ్లిన నాటినుంచి ఆమె పధ్నాలుగేళ్లు నిద్రలో ఉంటుంది. లక్ష్మణుడు తిరిగివచ్చి పాన్పు దగ్గరకు చేరినప్పుడు ఆమె అతణ్ణి గుర్తుపట్టదు. పరపురుషుడని భయపడి, పరస్త్రీని కోరి చెడిపోయినవారిని గుర్తుచేసి మందలిస్తుంది. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురితమైన తన వ్యాసంలో ఈ పాటలను స్త్రీలు తమకై తాము నిర్మించుకొన్న రామాయణంగా వివరించాడు.

ఆ పాటలో నిద్ర ఒక తెలివైన కల్పన. భర్త లేని కాలాన్ని భార్య ఎలా గడపాలన్న ప్రశ్నకు అది ఎవరికీ నొప్పి కలగని జవాబు. నిద్రలో కోరిక లేదు, కోపం లేదు, వయసు కూడా లేదు. మేల్కొన్నాక దాంపత్యం ఆగిన చోటినుంచే మొదలవుతుంది. ఉపోద్ఘాతంలో చెప్పిన స్థితిస్థాపకతకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. బలం తొలగింది, ఆకారం తిరిగి వచ్చింది. అయినా పాడుకొన్న స్త్రీలు అమాయకులు కారు. ఆమె భర్తను గుర్తుపట్టకపోవడంలో, దొంగను తిట్టినట్టు తిట్టడంలో ఒక కసి దాగి ఉంది. నేరుగా అనలేని మాటను పరాయివాడనుకొని అనడం పాట కల్పించిన అవకాశం.

ఓల్గా 'విముక్త' కథలో ఈ నిద్రను తీసివేసింది. ఇది కథాంశంలో చిన్న మార్పుగా కనిపించినా, సంప్రదాయంతో ఆమె వాదమంతా ఇందులోనే ఉంది. ఊర్మిళ గది తలుపులు మూసుకొని ఎవరినీ చూడక గడిపిన పధ్నాలుగేళ్లు ఇక్కడ పూర్తి మెలకువ. భర్త తనను అడగకుండా, చెప్పకుండా వెళ్లిపోయాడన్న ఆగ్రహంతో అది మొదలవుతుంది. ఆ ఆగ్రహాన్ని ఆమె అణచుకోదు, ఎవరి మీదా వెళ్లగక్కదు. దాన్ని పరిశీలనకు వస్తువుగా చేసుకొంటుంది. కోపం, దుఃఖం, ఆనందం ఎక్కడ పుడుతున్నాయో, మనుషుల మధ్య సంబంధాలు దేనిమీద నిలబడి ఉన్నాయో వెదుక్కొంటూ పోయి చివరకు అధికారం అన్న చోటికి చేరుతుంది. మనుషుల మధ్య దుఃఖానికి మూలం ఒకరి మీద మరొకరికి ఉన్న అధికారమని ఆమె గుర్తిస్తుంది.

సతిపట్ఠానంలోని వేదనానుపశ్యన, చిత్తానుపశ్యనలతో ఈ పద్ధతికి పోలిక స్పష్టం. వచ్చిన భావాన్ని తోసివేయకుండా, దానితో కొట్టుకుపోకుండా చూడడం రెండింటిలోనూ ఉంది. భేదం ఆ చూపు ఆగే చోట ఉంది. ఎనిమిది వారాల శిక్షణలో కోపం గమనింపుకు వచ్చి, కాసేపు నిలిచి, తగ్గిపోతుంది. ఊర్మిళ కోపం తగ్గిన తర్వాత కూడా ఆమె చూపు ఆగదు. ఈ కోపం ఎందుకు వచ్చింది, దీనికి కారణమైన అమరిక ఏమిటి అన్న రెండో విచారణ అక్కడినుంచే ఆరంభమవుతుంది. మంచిచెడ్డల తూకం వేయకుండా చూడమన్న నియమాన్ని తన మనసు విషయంలో ఆమె పాటించింది. లోకం విషయంలో పాటించలేదు. ఈ రెండింటినీ వేరుచేయడమే ఈ కథ సాధించిన ముఖ్యమైన విషయమని చెప్పవచ్చు. స్త్రీలకు ధ్యానం నేర్పే చోట ఈ రెండూ తరచు కలిసిపోతాయి. 'నీ కోపాన్ని తీర్పు చెప్పకుండా చూడు' అన్న సూచన 'నీకు జరిగినదాని మీద తీర్పు చెప్పకు' అన్న సలహాగా మారడానికి ఎంతో సేపు పట్టదు.

ఊర్మిళ పొందినది ఎవరికి ఉపయోగపడింది అన్నది తర్వాతి ప్రశ్న. సీతను రాముడు విడిచిపెట్టిన తర్వాత ఊర్మిళ అడవికి వచ్చి ఆమెతో మాట్లాడుతుంది. ఓదార్పు ఆమె ఉద్దేశం కాదు. రాముడి నుంచి విముక్తురాలు కమ్మని, తనమీద తనకు గల అధికారాన్ని తానే తీసుకొమ్మని చెబుతుంది. సాధన ఫలితం సర్దుకుపోవడంగా కాక, మరొక స్త్రీకి అందించదగిన జ్ఞానంగా మారింది.

ఇంత చెప్పినా కథ మీద ఒక అసంతృప్తి మిగులుతుంది. పధ్నాలుగేళ్ల సాధన అంతా ఊర్మిళ నోటి మాటగా, జరిగిపోయిన విషయంగా మనకు అందుతుంది. ఆ గదిలో ఒక్క రాత్రిని కూడా పాఠకుడు చూడడు. విసుగు, వెనుకడుగు, అంతా వృథా అనిపించిన దినాలు, తలుపు తీసి బయటకు వెళ్లిపోవాలన్న తహతహ, శరీరం చేసే అల్లరి కథలోకి రాలేదు. ఎరుక కలిగిన తర్వాతి ప్రశాంతవాక్కు మాత్రమే వచ్చింది. ధ్యానం గురించి ఏ కొంచెం తెలిసినవారైనా అందులో అధికభాగం మనసు తప్పిపోవడం, దాన్ని తిరిగి పట్టుకు రావడమేనని ఒప్పుకొంటారు. ఈ ఒక్క విషయంలో జానపద గీతమే మెరుగు. పరాయి స్పర్శకు ఉలిక్కిపడి లేచి తిట్టే ఊర్మిళకు ఒక దేహం ఉంది, భయం ఉంది. ఓల్గా ఊర్మిళకు స్పష్టమైన ఆలోచన ఉంది, దేహం పలచబడింది.

4. శూర్పణఖ తోట

ఆ లోటు 'సమాగమం'లో లేదు. సంపుటిలో ఉత్తమమైన కథ ఇదేనని ఈ వ్యాసకర్త భావన. కుశలవుల మాటల ద్వారా సీతకు అడవిలోని ఒక అందమైన తోట గురించి, ముక్కుచెవులు లేని దాని యజమానురాలి గురించి తెలుస్తుంది. ఆమె శూర్పణఖ అని గ్రహించి సీత వెళ్లి కలుసుకొంటుంది.

స్థితిస్థాపకత అన్న భావనకు శూర్పణఖ దేహమే ఖండనం. కోసివేసిన అవయవం తిరిగి రాదు. తొలి ఆకారానికి మరలడం అన్న మాట ఆమె విషయంలో అర్థం లేనిది. భౌతికశాస్త్రం దీన్ని స్థితిస్థాపక అవధి దాటడం అంటుంది. ఆ అవధి దాటిన తీగ పాత పొడవుకు రాదు. మరి అప్పుడు కోలుకోవడం అంటే ఏమిటి?

శూర్పణఖ తన కథలో ఆ మధ్యకాలాన్ని దాచిపెట్టదు. అందం పట్ల ఆమెకున్న మక్కువ అంతా అందం మీద ద్వేషంగా తిరగబడింది. లోకంలోని రూపవంతమైన వాటినన్నిటినీ రూపుమాపాలనిపించింది. తనమీద తనకే అసహ్యం కలిగింది. ఊర్మిళ కథలో లేని రాత్రులు ఇక్కడ ఉన్నాయి. ఆ తర్వాత ఆమె ప్రకృతిని చూడడం నేర్చుకొంటుంది. రూపకురూపాల భేదం లేకుండా చూడడం, తన చేతులకు సృష్టించే శక్తి ఉన్నదని గుర్తించడం, మొక్కలు నాటడం క్రమంగా జరుగుతాయి. ధ్యానం గురించిన ఏ పరిభాషా లేకుండానే ఈ భాగం ఎరుకను చిత్రిస్తుంది. విత్తనం మొలకెత్తడానికి తనదైన సమయం తీసుకొంటుంది. తొందరపెడితే రాదు. ఆమె చూపుకు శిక్షణనిచ్చిన గురువులు మట్టీ నీరూ. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: ఇది పని. నడుము వంచి చేసే పని. కళ్లు మూసుకొని కూర్చునే సాధనకూ దీనికీ ఉన్న దూరం చిన్నది కాదు.

సుధీరుడి పాత్ర ఇక్కడ పరీక్షాస్థలం. వికలాంగి అయిన స్త్రీకి పురుషుడి ప్రేమ దొరకడంతో కథ ముగిసి ఉంటే అది పాత పద్ధతిలో ఆకారాన్ని తిరిగి ఇవ్వడమే అయ్యేది. అతని సాహచర్యమే ఆమె సాఫల్యమేమోనన్న ఆలోచనకు కథ చోటిచ్చి, శూర్పణఖ చేత దాన్ని తోసిపుచ్చుతుంది. సాఫల్యం ఆమె తనలో తాను తెలుసుకొన్నది. అతను దాన్ని గౌరవించగల సహచరుడు. కోలుకోవడానికి కారణం అతను కాడు, కోలుకొన్నాక ఏర్పడిన చెలిమి అది.

5. మాట ఆలస్యంగా మేల్కొంటుంది

మిగిలిన రెండు కథల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 'మృణ్మయనాదం'లో అహల్య, సీత విచారణకు తలవంచవద్దన్న హెచ్చరిక చేస్తుంది. వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలుసా తెలియదా అన్న చిరకాల వివాదాన్ని ఓల్గా తీర్చలేదు. ఆ ప్రశ్న అడిగే అధికారం ఎవరిదన్న వైపుకు తిప్పింది. వనవాసంలో ఉన్న సీతకు ఆ మాటల అర్థం అప్పటికి అందదు. లంకలో అగ్నిపరీక్ష ఎదురైనప్పుడు గాని అది తెలిసిరాదు. 'సైకతకుంభం'లో రేణుక కథ ఏకాగ్రతకు సంబంధించినది కావడం విశేషం. పురాణకథలో ఆమె తన పాతివ్రత్యబలంతో ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చేది. క్షణకాలం చూపు చెదిరినందుకు ఆ శక్తి పోయింది, కొడుకు గొడ్డలికి తల ఒగ్గవలసి వచ్చింది. భర్త కోసం నిలిపిన ఏకాగ్రత ఎంత గొప్పదైనా అది ఇసుక కుండే అన్న సూచన శీర్షికలోనే ఉంది. ఏకాగ్రత ఎవరి అధీనంలో ఉన్నదన్న ప్రశ్నను ధ్యానానికి వేసిన కథ ఇది.

ఈ నాలుగు సంభాషణల్లోనూ ఒక సామాన్యలక్షణం ఉంది. సీత విన్నదాన్ని వెంటనే ఆచరించదు. విన్న మాట ఆమెలో ఏళ్ల తరబడి ఊరకే ఉండి, అనుభవం తాకినప్పుడు మేల్కొంటుంది. ఎరుకను ప్రస్తుతక్షణానికి పరిమితం చేసే ఆధునిక నిర్వచనం ఈ కాలవ్యవధిని పట్టుకోలేదు. 'స్మృతి' అన్న మూలపదంలోని జ్ఞాపకం అన్న అర్థమే దీనికి సరిపోతుంది. నడివయసు నిబ్బరంలో ఎక్కువ భాగం ఇదే కావచ్చు: ఇరవై ఏళ్ల కిందట ఒక స్త్రీ చెప్పగా విని పక్కన పెట్టిన మాట ఇవాళ అర్థం కావడం.

6. గది ఎవరికి ఉంది?

ఎం.ఏ. తరగతిలో ఈ కథ మీద చర్చ జరుగుతుండగా ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న ఇక్కడ ప్రస్తావించదగినది. ఊర్మిళ తలుపు గడియ వేసుకొంది సరే, భోజనం ఎవరు తెచ్చి పెట్టారు, మా అమ్మ గడియ వేసుకొంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు అని ఆమె అడిగింది. విమర్శగా ఇది సూటైనది. ఊర్మిళ రాచకన్య. ఆమె ఏకాంతం దాసీజనం శ్రమ మీద నిలిచింది. ఆ దాసీలలో నడివయసు స్త్రీలు ఉండే ఉంటారు. వారి ఎరుక గురించి కథ మౌనంగా ఉంది.

ఏకాంతానికి ముందు, కంటినిండా నిద్రకే నోచుకోని గృహిణిని అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథలో చిత్రించింది. బ్రతుకంతా నిద్ర కోసం తపించిన స్త్రీ కథకు ఆ శీర్షిక పెట్టడంలోని వ్యంగ్యం తీవ్రమైనది. ఊర్మిళకు పాట ఇచ్చిన పధ్నాలుగేళ్ల నిద్రను ఈ కథ పక్కన పెట్టి చదివితే, పాడుకొన్న స్త్రీల కల్పనకు మరో అర్థం తోస్తుంది. తెల్లవారకముందే లేచి అర్ధరాత్రి దాకా పనిచేసే స్త్రీలు తమ నాయికకు ఇవ్వగలిగిన గొప్ప వరం నిద్రే అయి ఉండవచ్చు. అలా చూసినప్పుడు నిద్రను తొలగించి మెలకువను ఇచ్చిన ఓల్గా నిర్ణయం సిద్ధాంతరీత్యా సరైనదే గాని, అలసటను లెక్కలోకి తీసుకోలేదనవలసి వస్తుంది. ఛాయాదేవి ఈ రెండు కొసలూ తెలిసిన రచయిత్రి. జిడ్డు కృష్ణమూర్తి వ్యాఖ్యానాలను 'మన జీవితాలు' పేరుతో తెలుగులోకి తెచ్చింది ఆమే. ఎంపిక లేని ఎరుక గురించిన ఆ గ్రంథాన్ని అనువదించిన చేయే, ఎరుకకు తీరిక లేని ఇల్లాలి కథనూ రాసింది. ఆమె కథల్లో కృష్ణమూర్తి పేరు మోగదు. ఇంటిపనిని ఆమె చూసిన తీరులోని నిదానంలో, అతిశయోక్తి లేకపోవడంలో ఆ ప్రభావాన్ని వెదకాలి.

బౌద్ధుల థేరీగాథలు ఈ చర్చకు మరో ఆధారం. ముత్తా అనే థేరి తాను మూడు వంకర వస్తువుల నుంచి విడివడినట్లు చెప్పుకొంటుంది: రోలు, రోకలి, భర్త. ముత్తా అంటే ముక్త. ఓల్గా పుస్తకం పేరుతో ఈ పేరుకు ఉన్న బంధుత్వం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ సతి సాధన పుట్టిన సంప్రదాయంలోనే, ఆ సాధన చేసిన స్త్రీ రోటి దగ్గరకు మరింత ప్రశాంతంగా తిరిగి వెళ్లలేదని ఆ గాథ గుర్తుచేస్తుంది. భర్తను, పిల్లలను, పుట్టింటివారిని వరుసగా పోగొట్టుకొని మతి చలించిన పటాచార సంగతి ఇంకా ప్రత్యేకమైనది. కాళ్లు కడుక్కొంటూ కిందికి జారే నీటిని గమనించడం, రాత్రి దీపపు వత్తిని కిందికి లాగడం ఆమెకు విముక్తి ఘడియలయ్యాయి. ఆమెకు గడియ వేసుకొనే అంతఃపురం లేదు. ఇంటిపని వంటి పనుల్లోనే చూపు నిలిచింది. అయితే ఆమె వెనుక భిక్షుణీసంఘం ఉంది. ఒక్క స్త్రీ ఏకాంతానికి పదిమంది స్త్రీల సంఘం కావలసివచ్చింది.

తెలుగునాట ఇటువంటి చోటు కోసం పెనుగులాడిన చారిత్రక వ్యక్తి తరిగొండ వెంగమాంబ. బాల్యంలోనే వైధవ్యం పొందిన ఆమె, శిరోముండనాన్ని నిరాకరించిందని, గుడిలో విగ్రహం చాటున కూర్చుని యోగసాధన చేసుకొన్నదని సంప్రదాయ కథనం. తర్వాత తిరుమల చేరింది. 'వేంకటాచల మాహాత్మ్యం', ద్విపదలో 'వాసిష్ఠ రామాయణం', 'రాజయోగామృతసారం' వంటి కృతులు రచించింది. ఆమె జీవితకథల్లో భక్తికి దక్కిన ప్రాధాన్యం ఆ చాటుకు దక్కలేదు. గుడిలో విగ్రహం వెనుక కాసింత చోటు వెదుక్కోవలసి రావడమే ఒక స్త్రీ సాధనచరిత్రలో ప్రధానఘట్టం. ఆమె యోగకృతులను వేదాంతగ్రంథాలుగా వివరించిన పండితులున్నారు. ఒంటరి స్త్రీ తన దినచర్యను, దేహాన్ని, చుట్టూ ఉన్నవారి నిందను ఎలా ఎదుర్కొన్నదో ఆ కృతుల్లో ఏ జాడలుగా మిగిలిందన్న దృష్టితో 'రాజయోగామృతసారం'ను పంక్తి పంక్తిగా చదవడం తెలుగు పరిశోధన చేపట్టవలసిన పని. ఊర్మిళ గదిలో మనకు చూపని రాత్రుల కోసం వెదకడానికి ఆ ద్విపద ఒక మంచి ఆరంభస్థానం.